చెన్నైలో వారం రోజులు: బస్సు, మెట్రో పాస్ ఎలా ఎంచుకోవాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చెన్నైకి వారం రోజుల కోసం వెళ్లేది ఎక్కువగా ఆసుపత్రి పని మీదో, పెళ్లి బట్టలకో. దిగగానే ఇంటిల్లిపాదికీ పాసులు తీసేసుకుంటే టెన్షన్ ఉండదని చాలామంది అనుకుంటారు. తొందరపడకండి. వారం రోజులకు పాస్ చాలాసార్లు నష్టమే.

ముందు రోజువారీ తిరుగుడు రాసుకోండి

ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఎన్నిసార్లు బండి ఎక్కాలో ఒక కాగితం మీద పెట్టండి. గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్తూ ఆ పక్కనే లాడ్జిలో దిగితే, సగం రోజులు నడకతోనే గడిచిపోతాయి. వాళ్లకు ఏ పాసూ అక్కర్లేదు. పాస్ కంటే లాడ్జి ఎక్కడ తీసుకున్నామన్నదే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

ఎక్కడ దిగుతున్నారో చూసుకోండి

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే సెంట్రల్‌లో దిగుతారు. అక్కడ భూమి లోపల మెట్రో రెండు లైన్లూ కలుస్తాయి. బ్లూ లైన్‌లో మూడో స్టేషనే థౌజండ్ లైట్స్, గ్రీమ్స్ రోడ్డుకు అదే దగ్గర. రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, తాంబరం లోకల్ ట్రైన్లు అక్కడ ఆగుతాయి. పెళ్లి బట్టలకు టీ నగర్ వెళ్లాలంటే ఆ లోకల్ ఎక్కి మాంబళంలో దిగండి, బయటికి వస్తే రంగనాథన్ వీధే. ఆంధ్రా బస్సులు మాత్రం 2018 నుంచి మాధవరం బస్టాండుకు వెళ్తున్నాయి. అక్కడ దిగితే ముందు సిటీ బస్సు పట్టుకోవాలి.

ఆడవాళ్ల లెక్క వేరు

మన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. కానీ చెన్నైలో 2021 మే నుంచి సాధారణ ఛార్జీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు తీసుకోవడం లేదు. ఆ బస్సులకు ముందు భాగం గులాబీ రంగు వేసి ఉంటుంది. కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు, అది దగ్గర పెట్టుకోవాలి. డీలక్స్, ఏసీ బస్సులకు ఇది లేదు. కాబట్టి అమ్మకూ అక్కకూ బస్సు పాస్ కొనడం శుద్ధ దండగ. 60 దాటిన వాళ్లకిచ్చే ఉచిత టోకెన్లు చెన్నైలో కాపురం ఉండేవాళ్లకే. వాటి కోసం ఒక పూట పాడు చేసుకోవద్దు.

ఇప్పుడు అసలు లెక్క

సిటీ బస్సు నెల పాస్ 1000 రూపాయలు. ఏడు రోజులకు పంచితే రోజుకు దాదాపు 143. సాధారణ బస్సులో కనీస ఛార్జీ 5 రూపాయలు, కాబట్టి రోజుకు నాలుగైదు బస్సులు ఎక్కినా ఆ 143 ఖర్చు కావడం కష్టం. ఏసీ బస్సులు కూడా కలిసే 2000 రూపాయల పాస్ గురించి వారానికి వచ్చినవాళ్లు ఆలోచించనే వద్దు.

లోకల్ ట్రైన్‌దీ అంతే. పార్క్ నుంచి తాంబరం దాకా 10 రూపాయలే. సీజన్ టికెట్ తీసుకున్నా, ఒకటి, మూడు, ఐదు రోజుల టూరిస్ట్ టికెట్ తీసుకున్నా రోజంతా రైళ్లు మారుతూ తిరిగేవాళ్లకే గిట్టుబాటు. రానూ పోనూ టికెట్ తీసుకుంటే చాలు.

ఆలోచించాల్సింది మెట్రో దగ్గరే. టికెట్ 10 నుంచి 50 రూపాయల మధ్య ఉంటుంది. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకుంటే 20 శాతం తగ్గుతుంది. అంటే ఎంత దూరమైనా 40కి మించదు, రానూ పోనూ 80. ఒక రోజంతా ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టూరిస్ట్ కార్డు 100, దానిపైన 50 డిపాజిట్. అందువల్ల 50 రూపాయల టికెట్ పడే దూరాలు మూడుసార్లయినా వెళ్లే రోజుకే ఆ కార్డు.  దగ్గర దగ్గర స్టేషన్లయితే ఐదారుసార్లు ఎక్కేదాకా విడి టికెట్లే నయం.

టికెట్ తీసుకునేటప్పుడు

మెట్రో టికెట్ వాట్సాప్‌లోనూ వస్తుంది, క్యూలో నిలబడే పని లేదు. పెద్దవాళ్లకు ఫోన్ అలవాటు లేకపోతే కౌంటర్‌లో తీసుకోవచ్చు, తగ్గింపు మాత్రం ఉండదు. బస్సుకు చిల్లర నోట్లు విడిగా పెట్టుకోండి. ధరలు మారుతుంటాయి కాబట్టి కార్డు కొనే ముందు కౌంటర్‌లో ఆ రోజు రేటు అడగండి. టూరిస్ట్ కార్డు తీసుకుని ఉంటే ఊరికి రైలెక్కే ముందు కౌంటర్‌లో ఇచ్చేసి, డిపాజిట్ 50 రూపాయలు వెనక్కి తీసుకోండి.