పిరష్కీ పగిలిపోతున్నాయా? ముందు పూర్ణాన్ని పెనం మీద వేసి చూడండి

పిరష్కీ అంటే ఈస్ట్‌తో పొంగించిన పిండిలో పూర్ణం పెట్టి మూసి, ఓవెన్‌లో కాల్చే లేదా నూనెలో వేయించే రష్యన్ వంటకం. మిగిలిపోయిన వంటకాలతో ఇంట్లో వీటిని చేసేవారు ఎదుర్కొనే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పిండి వల్ల కాదు, లోపల పెట్టే పూర్ణం వల్ల వస్తాయి. అయినా అతుకు విచ్చుకోగానే మొదట ఈస్ట్‌ను అనుమానిస్తారు, తర్వాత మైదా మారుస్తారు, ఆ పైన ఓవెన్ వేడిని అటూ ఇటూ తిప్పుతారు. రెండు నిమిషాల్లో అయిపోయే పూర్ణం పరీక్షను మాత్రం ఎవరూ చేయరు. ఈ వంటకాన్ని ఏళ్ల తరబడి చేస్తూ, ఇతరులు చేసినవి కూడా సరిదిద్దుతూ వచ్చినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మాంసమైనా, కూరగాయైనా, తీపి పండు ముక్కలైనా లోపల పెట్టేదాన్ని ఇక్కడ పూర్ణం అనే అంటాను. పిండి అంటే అర కిలో మైదాకు పావు లీటరు పాలు, ఒక గుడ్డు, 60 గ్రాముల వెన్న, 7 గ్రాముల పొడి ఈస్ట్ వేసి కలిపిన మెత్తని ముద్ద అని అనుకోండి.

అతుకు విచ్చుకుని రసం కారుతోంది

ముందుగా కంటికి కనిపించే కారణాలను చూడండి. పూర్ణం గోరువెచ్చగా ఉండగానే మూస్తే ఆ వేడికి పిండి లోపలి నుంచే మెత్తబడి, అతుకు పట్టు వదులుతుంది. అంచుకు నూనె గాని వెన్న గాని తగిలితే పిండికి పిండి అంటదు. అప్పుడు ఎంత నొక్కినా ఉపయోగం లేదు. పూర్ణాన్ని అంచుకు వేలెడు దూరంలో ఆపి, పొడి వేళ్లతో మూసి, అతుకు ట్రేకు ఆనేలా బోర్లించాలి. రెండోసారి చాలినంతగా పొంగకముందే ఓవెన్‌లో పెట్టినా, అక్కడ ఒక్కసారిగా ఉబ్బి పక్కనుంచి చీలుతుంది. వేలితో నొక్కినప్పుడు గుంట నెమ్మదిగా నిండితే పిండి సిద్ధమైనట్టు, వెంటనే నిండితే ఇంకా ఆగాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా పగులుతోందంటే, నన్ను చాలాకాలం ఏడిపించిన కారణం వేరే ఉంది.

చల్లగా గట్టిగా ఉండి, వేడికి నీరయ్యే పూర్ణం

రష్యాలో వైద్యవిద్య చదివిన ఆరేళ్లూ మేము వసతి గృహంలో అంతస్తుకు ఒకటి చొప్పున ఉండే ఉమ్మడి వంటగదిలోనే వండుకునేవాళ్లం. అక్కడి ఇళ్లలో సూప్ కోసం ఎముకతో ఉడికించిన మాంసాన్ని మరునాడు సన్నగా తరిగి, వేయించిన ఉల్లిపాయతో కలిపి పిరష్కీలో పెట్టడం మామూలు. నేనూ అలాగే చేసేదాన్ని. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం చేతికి తడి అంటకుండా, ముద్దకు ముద్దగా విడివడుతూ చక్కగా ఉండేది. మూసేటప్పుడు ఏ లోపమూ కనిపించేది కాదు. తీరా ఓవెన్ తెరిస్తే ట్రే అంతా గోధుమరంగు చారలు, అడుగున నానిపోయిన పిండి. అంచులకు గుడ్డు సొన రాసి చూశాను, రెండు మడతలు వేసి చూశాను, పిండిని గట్టిగా కలిపి చూశాను. ఏదీ పని చేయలేదు.

చివరికి వసతి గృహం ద్వారం దగ్గర కూర్చునే వఖ్త్యోర్ష, అంటే కాపలా చూసే పెద్దావిడ, ఒకరోజు వంటగదిలోకి వచ్చి నా గిన్నెలోంచి రెండు చెంచాల పూర్ణం తీసి వట్టి పెనం మీద వేశారు. నిమిషం దాటేసరికి మాంసం చుట్టూ మెరుపు కనిపించింది. ఆవిడ పెనాన్ని ఒక పక్కకు వంచితే చెంచాడు రసం జారి అంచున చేరింది. గిన్నెలో చుక్క తడి లేని పూర్ణంలోంచి వచ్చిన రసం అది.

ఎముక, చర్మం, కీళ్ల దగ్గరి భాగాలు ఉడికినప్పుడు నీటిలోకి దిగే జెలటిన్ చల్లబడితే గడ్డకడుతుంది. రష్యన్లు పండుగలకు చేసుకునే ఖలదేత్స్ అనే మాంసపు జెల్లీ నిలబడేది దీనివల్లనే. అయితే ఆ గడ్డ 30-35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. అంటే పిరష్కీని రెండోసారి పొంగడానికి వెచ్చని చోట పెట్టిన అర గంటలోనే, ఓవెన్ మొహం చూడకముందే, లోపల రసం మొదలై పచ్చి పిండిని నాన్చేస్తుంది. మన వేసవిలో అయితే వంటింటి గట్టు మీదే ఆ వేడి ఉంటుంది. మిగిలిన కోడికూరను లోపల పెట్టేవారికి ఈ ప్రమాదం రెండింతలు, ఎందుకంటే ఇగురులో జెలటిన్‌తో పాటు గడ్డకట్టిన కొవ్వు కూడా ఉంటుంది.

కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ పూర్ణాన్నయినా మూసే ముందు పెనం మీద నూనె లేకుండా రెండు చెంచాలు వేసి, సన్న సెగ మీద రెండు నిమిషాలు ఉంచి, పెనాన్ని వంచి చూడండి. రసం జారితే పూర్ణమంతటినీ వెడల్పాటి పెనంలో బాగా వేడి చేసి, జల్లెడలో వేసి రసాన్ని వడకట్టాలి. ఆ రసాన్ని పారబోయవద్దు, రుచంతా అందులోనే ఉంది. ఒక పెద్ద చెంచా వెన్నలో ఒక పెద్ద చెంచా మైదాను పచ్చివాసన పోయేదాకా వేయించి, అందులో అర కప్పు రసం కొద్దికొద్దిగా పోస్తూ, గరిటెకు మందంగా అంటుకునేదాకా ఉడికించి, సుమారు 400 గ్రాముల మాంసానికి కలపాలి. జెలటిన్ వేడికి నీటిని వదిలేస్తుంది, ఉడికిన పిండి పదార్థం వదలదు. ఇందులో కిటుకంతా అదే. మైదా వద్దనుకుంటే ముందురోజు వండిన గ్రేచ్కాను (బక్‌వీట్ గింజలను) గాని అన్నాన్ని గాని రెండు గుప్పెళ్లు కలిపినా సరిపోతుంది. తర్వాత పూర్తిగా చల్లార్చి, మళ్లీ పెనం పరీక్ష చేసి, అప్పుడు మూయండి.

మెదిపిన బంగాళాదుంపదీ ఇదే తీరు. పాలు, వెన్న దండిగా పోసి మెదిపినది చల్లగా ఉన్నప్పుడు ఉండ కడుతుంది, వేడికి జారుతుంది. పెనం అంచులను వదిలేదాకా తిప్పుతూ ఆరబెట్టి, వేయించిన ఉల్లిపాయ కలపండి. క్యాబేజీ సంగతి వేరు. దానికి ఉప్పు తగిలిన ప్రతిసారీ నీరు ఊరుతుంది కనుక, వేయించి చల్లార్చిన తర్వాత చేత్తో గట్టిగా పిండి నీరు తీసేసి, తరిగిన ఉడికిన గుడ్డు కలపండి. ఆ పైన మళ్లీ ఉప్పు వేయవద్దు.

చెబురేకీలో, అంటే మాంసం పెట్టి మడిచి నూనెలో వేయించే పలుచని రొట్టెలో, రసం నిండుగా ఉంటుంది కదా, దీనికెందుకు పనికిరాదని అడిగేవారుంటారు. చెబురేకీ పిండిలో ఈస్ట్ ఉండదు, పొంగేదాకా ఆగే పని లేదు, మూసిన వెంటనే నూనెలోకి వెళ్లి నిమిషాల్లో వేగిపోతుంది. రసానికి పిండిని నానబెట్టే వ్యవధే దొరకదు. పిరష్కీకి ఆ వెసులుబాటు లేదు.

అడుగు పచ్చిగా, జిగటగా ఉంటోంది

చాలాసార్లు పైన చెప్పినదే కారణం. పెనం పరీక్షలో పూర్ణం నెగ్గినా అడుగు పచ్చిగా ఉంటే, ఓవెన్ వేడెక్కకముందే ట్రే లోపలికి వెళ్లిందని అర్థం. 190 డిగ్రీలకు చేరిన తర్వాతే పెట్టి, 20 నిమిషాలు కింది అరలో కాల్చండి. ఒక్కొక్కటి 50 గ్రాముల పిండికి 30 గ్రాముల పూర్ణం మించకూడదు.

వేయించినవి నూనె తాగుతున్నాయి, లేదా లోపల పచ్చిగా మిగులుతున్నాయి

నూనె 170-180 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే పిండి నూనె పీలుస్తుంది, పెరిగితే లోపల ఉడకకముందే పైన రంగు తిరుగుతుంది. చిటికెడు పిండి వేస్తే అడుగుకు వెళ్లకుండా పైకి తేలి, చుట్టూ నిలకడగా బుడగలు రావాలి. అతుకు ఉన్న వైపు ముందుగా నూనెలోకి దించండి, అది మొదటి క్షణాల్లోనే బిగుసుకుంటుంది.

పైపొర గట్టిపడుతోంది

ఓవెన్‌లోంచి తీయగానే వెన్న రాసి, పొడి తువ్వాలు కప్పి పది నిమిషాలు ఉంచండి. రష్యాలో ఏ ఇంట్లో చూసినా పిరష్కీ పళ్లెం మీద తువ్వాలు కనిపించేది అందుకే.

ఈస్ట్ చచ్చిపోవడం, మైదా పాతబడటం వంటివి అరుదు. ఈస్ట్ పని చేయకపోతే ఆ సంగతి మొదటి పొంగులోనే తెలిసిపోతుంది. గిన్నెలో ముద్ద రెట్టింపయిందంటే ఈస్ట్‌ను అనుమానించడం మాని, పెనం పొయ్యి మీద పెట్టండి.