టాక్స్ నోటీసొస్తే ముందు సెక్షన్ చూడండి: పన్ను చట్టం చదివే పద్ధతి

టాక్స్ నోటీసు చేతికి రాగానే మనవాళ్ళు చాలామంది చేసేది రెండే పనులు, భయపడి అడిగినంతా కట్టేయడం, లేదంటే ఫోటో తీసి ఆడిటర్ గారికి వాట్సాప్ చేసి ఇక ఆయన చూసుకుంటారులే అని ఊరుకోవడం. ఆడిటర్ కావాల్సిందే, కాదనను. కానీ ఆ కాగితం మీరు కూడా చదవాలి, చదవగలరు కూడా. మన దేశంలో పన్ను ఆఫీసర్ గారి అభిప్రాయం మీద నడవదు, "న్యాయంగా కట్టాలి కదా" అనే మాట మీద కూడా నడవదు. అడిగే ప్రతి రూపాయికీ చట్టంలో ఒక వాక్యం ఉండాలి, అది ఎక్కడుందో చూపించమని అడిగే హక్కు మనకుంది. రాజ్యాంగం 265వ అధికరణం చెప్పేది సరిగ్గా ఇదే, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా పన్ను వేయకూడదు, వసూలూ చేయకూడదు. వేయడం ఒకటి, వసూలు చేయడం ఒకటి, రెండిటికీ చట్టం ఉండాలి.

నోటీసులో తేదీ, మొత్తం కంటే ముందు అసలు ఈ పన్ను వేసే అధికారం ఎవరిది అని చూడండి. ఇన్‌కమ్ టాక్స్ కేంద్రానిది, కానీ వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది, అందుకే కేంద్రం దాన్ని ఆదాయపు పన్నులోంచి బయట పెట్టింది. జీఎస్టీకి వచ్చేసరికి 2016లో 246ఎ అని కొత్త అధికరణం పెట్టి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మీ జీతం స్లిప్పులో నెలకి 200 కట్ అవుతుంది చూడండి, ప్రొఫెషన్ టాక్స్, అది రాష్ట్రానిది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 20 వేలు దాటిన జీతానికి నెలకి 200, ఏడాదికి 2,400. ఎందుకు 2,400 దగ్గరే ఆగిపోయింది అంటే 276వ అధికరణం ఒక మనిషి మీద ఏడాదికి 2,500 దాటకూడదని గీత గీసింది కాబట్టి. ప్రభుత్వానికి ఎంత డబ్బు అవసరం ఉన్నా, రాజ్యాంగం మారిస్తే తప్ప ఆ గీత దాటలేదు.

అధికారం ఉన్నంత మాత్రాన ఎలా పడితే అలా వేయలేరు కూడా. 1960లో కేరళ కేసు ఒకటి, మూపిల్ నాయర్ కేసు అంటారు. ఏ భూమైనా సరే, పండినా ఎండినా, ఎకరానికి 2 రూపాయలు అని చట్టం చేశారు. ఆయనకి అడవి మీద ఏడాదికి వచ్చేది 3,100 రూపాయలు, కట్టమన్న పన్ను 54 వేల పైచిలుకు. అసమానంగా ఉన్నవాళ్ళని ఒకే గాట కట్టడం కూడా సమానత్వ హక్కుకి విరుద్ధమే అని సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయితే ఇలా గెలిచేవి అరుదు, రేటు ఎక్కువైంది అన్న ఒక్క కారణంతో కోర్టు పన్నుని కొట్టేయదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు పని ఛార్జింగ్ సెక్షన్ దగ్గర, అంటే పన్ను వేసే సెక్షన్ దగ్గర. ఏ పన్ను చట్టమైనా నాలుగు విషయాలు స్పష్టంగా చెప్పాలి: దేని మీద పన్ను, ఎవరు కట్టాలి, ఏ రేటు, ఆ రేటు ఏ మొత్తం మీద. 1985లో గోవింద్ శరణ్ గంగా శరణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఈ నాలుగిట్లో ఒక్కటి తేలకపోయినా పన్ను నిలబడదు. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని నోటీసులోంచి ఈ నాలుగూ రాయండి, ఏదైనా గడి ఖాళీగా మిగిలితే మీ జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

లెక్క కట్టే పద్ధతి లేకపోయినా అంతే. శ్రీనివాస శెట్టి కేసని 1981ది, అగరుబత్తీలు తయారు చేసే పార్ట్‌నర్‌షిప్ సంస్థ, కాలం తీరాక ఆస్తులన్నీ గుడ్‌విల్‌తో సహా కొత్త సంస్థకి ఇచ్చేశారు, గుడ్‌విల్ విలువ లక్షన్నర. డిపార్ట్‌మెంట్ క్యాపిటల్ గెయిన్స్ కట్టమంది. లాభం అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయాలి కదా, ఏళ్ళ తరబడి వ్యాపారం చేస్తే దానంతటది వచ్చిన పేరుకి కొన్న ధర ఎక్కడుంటుంది? లెక్క కట్టడానికి వీల్లేనిది అసలు ఆ ఛార్జింగ్ సెక్షన్ కిందకే రాదు అంది కోర్టు. తర్వాత చట్టం మార్చి కొన్న ధర సున్నా అనుకోండి అని రాశారు, అది వేరే సంగతి, కానీ మార్చే దాకా ఆ పన్ను లేదు.

ఇక్కడే గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం, ఛార్జింగ్ సెక్షన్లో అనుమానం ఉంటే అది కట్టేవాడికి లాభం. మినహాయింపు దగ్గర మాత్రం తిరగబడుతుంది. 2018లో దిలీప్ కుమార్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది, మినహాయింపు నాకు వర్తిస్తుంది అని నిరూపించుకోవాల్సింది అడిగేవాడే, అనుమానం ఉంటే ప్రభుత్వానికే లాభం. చాలామంది జవాబులు ఇక్కడే దెబ్బతింటున్నాయి, మినహాయింపు గురించి రాస్తూ "అనుమానం ఉంటే మాకే అనుకూలంగా చూడాలి" అని పాత తీర్పులు పెట్టేస్తారు, అవి ఇప్పుడు పనికిరావు.

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ తీసుకోండి, హైదరాబాద్‌లో ప్రతి అసోసియేషన్‌లోనూ దీని మీద గొడవే. అసోసియేషన్ ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటి, నెలకి ఒక్కో ఫ్లాట్ దగ్గర 7,500 దాటి తీసుకుంటే జీఎస్టీ 18 శాతం. 7,500 "వరకు" మినహాయింపు అని నోటిఫికేషన్. మరి మీ ఫ్లాట్‌కి 9,000 అయితే? మొత్తం 9,000 మీదా కట్టాలి, అంటే 1,620, అని 2019 జూలైలో సర్క్యులర్ ఇచ్చారు. కాదు, 7,500 వరకు మినహాయింపు అన్నాక పైనున్న 1,500 మీదే, అంటే 270 అని మద్రాస్ హైకోర్టు సింగిల్ జడ్జి 2021లో అన్నారు. ఒక్క ఫ్లాట్‌కి నెలకి 1,350 తేడా. జడ్జి గారు దిలీప్ కుమార్ తీర్పుని పక్కన పెట్టలేదు, అనుమానం వచ్చినప్పుడు కదా ఎవరికి లాభం అన్న ప్రశ్న, ఇక్కడ మాట సూటిగానే ఉంది కదా అన్నట్టు చదివారు. మీరు కూడా వాదించాల్సింది అలాగే, "మా మీద దయ చూపండి" అని కాదు, "మాట ఇలా ఉంది చూడండి" అని. ఇంకోటి, సర్క్యులర్ అనేది డిపార్ట్‌మెంట్ తన ఆఫీసర్లకి చెప్పుకునే మాట, అది చట్టాన్ని మించి మీ మీద పన్ను వేయలేదు.

తర్వాత నిర్వచనాల సెక్షన్. దీన్ని ఎవరూ చదవరు, నాకు తెలిసి సగం తలనొప్పులు ఇక్కడే. బంధువుల గిఫ్ట్ సంగతే చూడండి. ఏడాదిలో బయటివాళ్ళ దగ్గర ఏమీ ఇవ్వకుండా తీసుకున్న డబ్బు మొత్తం 50 వేలు దాటితే పైన ఉన్నదాని మీదే కాదు, అంతా మీ ఆదాయమే. బంధువు ఇస్తే లేదు. కానీ ఎవరు బంధువు అనేది తీసుకున్నవాడి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి 5 లక్షలు ఇచ్చాడు, తల్లి తోబుట్టువు లిస్టులో ఉన్నాడు కాబట్టి మేనల్లుడికి పన్ను లేదు. అదే మేనల్లుడు అమెరికా వెళ్ళి సంపాదించి మేనమామకి ఇల్లు కట్టుకోమని 5 లక్షలు పంపితే, తోబుట్టువు పిల్లలు లిస్టులో లేరు, మామయ్య ఆదాయంలో మొత్తం 5 లక్షలూ కలుస్తాయి. పెదనాన్న కొడుకుని మనం అన్నయ్యా అనే పిలుస్తాం, చట్టానికి ఆయన బయటివాడే. తోడల్లుడు బంధువే, అల్లుడు బంధువే, వియ్యంకుడు మాత్రం కాదు. ఎన్నారైలు డబ్బు పంపే ముందు దయచేసి ఈ లిస్టు ఒకసారి చదవండి, మంచి మనసుతో పంపిన డబ్బుకి పెద్దాయన నోటీసుకి జవాబు చెప్పుకోవాల్సి వస్తే బాధగా ఉంటుంది.

వ్యవసాయ ఆదాయం కూడా ఇంతే. పొలం కౌలు వ్యవసాయ ఆదాయమే. కడియం నర్సరీల్లో పెంచిన మొక్కలు అమ్మితే వచ్చేదీ వ్యవసాయ ఆదాయమేనని 2008 బడ్జెట్‌లో వివరణ చేర్చారు. కోళ్ళ ఫారం, పాడి మాత్రం కాదు, పల్లెటూళ్ళో పొలం మధ్యలో పెట్టినా కాదు. భూమిని దున్ని, విత్తి, పండించే పని ఉందా లేదా అన్నదే లెక్క, 1957లో బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసు నుంచీ ఇదే పరీక్ష.

ఇక ఏ సంవత్సరం చట్టం అనేది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, 1961 చట్టం పోయింది, సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. అంతకుముందు సంవత్సరాల ఆదాయానికి మాత్రం పాత చట్టమే. కాబట్టి నోటీసు ఎప్పుడొచ్చింది అని కాదు, ఏ ఏడాది ఆదాయం గురించి వచ్చింది అని చూసి ఆ ఏడాది చట్టమే తియ్యండి. గూగుల్‌లో దొరికిన సెక్షన్ ఈ ఏడాదిది అయ్యుంటుంది, మీ కేసు నాలుగేళ్ళ కిందటిది అయ్యుంటుంది.

వెనక్కి వెళ్ళి పన్ను వేయొచ్చా అంటే, చట్టసభకి ఆ అధికారం ఉంది, కానీ అలా అని స్పష్టంగా రాయాలి, రాయకపోతే ముందుకే వర్తిస్తుందని కోర్టు అనుకుంటుంది, 2014లో వాటికా కేసులో చెప్పారు. టెలికాం కంపెనీ వొడాఫోన్ తన మీద వేసిన పన్ను కేసు 2012 జనవరిలో సుప్రీంకోర్టులో గెలిచింది, అదే ఏడాది పార్లమెంటు వెనకటి తేదీ నుంచి చట్టం మార్చేసింది, చివరికి 2021లో దాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. తొమ్మిదేళ్ళు. వెనకటి తేదీ మేలు కూడా చేస్తుంది. అమరావతి రైతులు ల్యాండ్ పూలింగ్‌లో భూములిచ్చిన దానికి క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు 2017 బడ్జెట్‌లో ఇచ్చినా 2015-16 అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) నుంచే వర్తింపజేశారు. అయితే 2014 జూన్ 2 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే. తర్వాత కొన్నవాళ్ళు తమకీ వస్తుందనుకుంటారు, రాదు, మినహాయింపు కదా, షరతు అక్షరాలా తీరాలి.

పన్ను తగ్గేలా ప్లాన్ చేసుకోవడం తప్పా అని అడుగుతుంటారు. దీని మీద పెద్ద కేసు మన హైదరాబాద్ నుంచే వెళ్ళింది, మెక్‌డోవెల్, 1985. మద్యం కొనేవాళ్ళే ఎక్సైజ్ సుంకం నేరుగా ప్రభుత్వానికి కట్టేలా ఏర్పాటు చేసుకుని, అది మా అమ్మకాల్లో భాగం కాదు, దాని మీద సేల్స్ టాక్స్ కట్టం అంది కంపెనీ. సుంకం కంపెనీ బాధ్యతే కాబట్టి అది టర్నోవరే అని సుప్రీంకోర్టు తేల్చింది, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు పన్ను తప్పించుకునే ఎత్తుల మీద చాలా గట్టిగా రాశారు. తర్వాత ఆజాదీ బచావో 2003, వొడాఫోన్ 2012 తీర్పులు కొంచెం సర్దాయి, నిజమైన లావాదేవీ అయితే తక్కువ పన్ను పడే దారి ఎంచుకోవడం తప్పు కాదు అని. ఎల్లైసీ కట్టి డిడక్షన్ తీసుకోవడం చట్టం ఇచ్చిన దారి. కట్టని అద్దెకి రసీదులు పెట్టి హెచ్ఆర్ఏ తీసుకోవడం ఎగవేత, దాన్ని ప్లానింగ్ అని పిలవకండి.

ఇదంతా అయ్యాక పద్ధతి సరిగ్గా పాటించారా చూడండి. ఇన్‌కమ్ టాక్స్ నోటీసు అయితే ముందు పోర్టల్‌లో డిన్ నంబరు (నోటీసు మీద ఉండే గుర్తింపు నంబరు) కొట్టి అసలైనదో కాదో తేల్చుకోండి, నకిలీవి తిరుగుతున్నాయి. పాత కేసు తిరగదోడడానికి గడువు ఉంది, 2024 సెప్టెంబర్ 1 నుంచి ఇచ్చిన నోటీసులకి మామూలుగా అసెస్‌మెంట్ ఇయర్ చివరి నుంచి మూడేళ్ళ మూడు నెలలు, దాచిన ఆదాయం 50 లక్షలు, ఆపైన అయితే ఐదేళ్ళ మూడు నెలలు. గడువు దాటితే పన్ను ఎంత న్యాయమైనదైనా అడగలేరు. జీఎస్టీలో అయితే మీకు వ్యతిరేకంగా ఆర్డర్ ఇచ్చే ముందు హియరింగ్ ఇవ్వాలని సెక్షన్ 75(4) చెప్తుంది, జవాబులోనే "హియరింగ్ కావాలి" అని ఒక లైను రాసేయండి. పోర్టల్‌లో మామూలు నోటీసుల పేజీ కాకుండా "అడిషనల్ నోటీసెస్" అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, అందులో పడినది చూడక ఆర్డర్ దాకా వెళ్ళిన చిన్న షాపులవాళ్ళు ఎంతమందో, నెలకి రెండుసార్లయినా అది తెరవండి.

ఎప్పుడో రిటర్న్‌లో మీరే పొరపాటున పన్ను లేని ఆదాయాన్ని ఆదాయంగా చూపించేసి ఉంటే ఇక అయిపోయింది అనుకోకండి. మీరు ఒప్పుకున్నారు కదా అన్నంత మాత్రాన లేని పన్ను పుట్టదు. 1955 ఏప్రిల్ 11న ఇచ్చిన 14వ నంబరు సర్క్యులర్ ఒకటుంది, పన్ను కట్టేవాడి తెలియనితనాన్ని ఆఫీసర్లు వాడుకోకూడదు, రావాల్సిన రాయితీ ఏదో వాళ్ళే చెప్పాలి అని, ఇప్పటికీ కోర్టులు దాన్ని ఎత్తి చూపిస్తుంటాయి. జవాబులో ధైర్యంగా రాయండి.

అప్పీల్ గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇన్‌కమ్ టాక్స్‌కి 30 రోజులు, జీఎస్టీకి మూడు నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో నెల, గొడవలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టాలి. ఈలోగా ఒత్తిడి తట్టుకోలేక కట్టాల్సి వస్తే "అండర్ ప్రొటెస్ట్" అని రాసి కట్టండి, చలానా కాపీ దాచండి. కట్టింది కస్టమర్ బిల్లులో వేసి వసూలు చేసుకుని ఉంటే మాత్రం గెలిచినా ఆ డబ్బు మీకు రాదు, మఫత్‌లాల్ కేసులో 1996లో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ తేల్చినట్టు అది కన్స్యూమర్ వెల్‌ఫేర్ ఫండ్‌కి పోతుంది, కాబట్టి భారం మీరే మోశారని చూపించే బిల్లులు మొదటి రోజు నుంచే విడిగా ఫైల్ చేసుకోండి.