ఒంట్లో బాగాలేనప్పుడు అరకు రైలెక్కే ముందు

విశాఖపట్నం నుంచి అరకుకు కిరండూల్ రైలులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. జ్వరం, ఆయాసం, ఆగని వాంతులు ఉంటే టికెట్టు రద్దు చేసుకోండి. మరో వారం వెళ్లినా అవే కొండలు, అవే లోయలు. కొద్దిపాటి నలతే అయితే ఇవి చూసుకోండి.

- మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్లు చేతిసంచిలోనే ఉండాలి. సీటు కింద పెట్టెలో ఉంటే అవసరానికి అందవు.
- ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు.
- కళ్లు తిరిగే స్వభావం ఉంటే డాక్టరును అడిగి ముందే మాత్ర వేసుకోండి. రైలు వెళ్లే వైపు ముఖం ఉండేలా కూర్చోండి. అద్దాల బోగీలో సీటు తిప్పుకోవచ్చు. మలుపుల్లో ఫోను చూడకుండా దూరపు కొండల మీద చూపు నిలపండి. దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. వెలుగూ చీకటీ మారుతూ తలనొప్పి పెరిగితే కాసేపు కళ్లు మూసుకోవడమే హాయి.
- దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలంలో శాలువా తప్పనిసరి.
- బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కిదిగాలి. ఈసారికి వదిలేయండి, దయచేసి.
- తోడు లేకుండా వెళ్లకండి. రైలులో ఇబ్బందైతే 139కి, దిగాక 108కి ఫోను చేయండి.