గుడి పుస్తకం వేరు, సేవ పుస్తకం వేరు

మా గోదావరి డెల్టాలో సేవా సంఘాలు చాలావరకు గుడి అరుగు మీదే పుడతాయి. నవమికి పానకం, కార్తీకంలో అన్నదానం, గోదారి పొంగితే నది మధ్య ఉండే లంక ఊళ్లకు పులిహోర పొట్లాలు. చర్చి వాళ్లయితే క్రిస్మస్‌కి బట్టలు, మసీదు వాళ్లయితే రంజాన్ నెలలో బియ్యం, నూనె. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. దాన్ని ఏడాది పొడవునా నడిచే సంఘంగా ఎలా పెంచాలో చెప్పమని పక్క ఊళ్ల కుర్రాళ్లు అడుగుతున్నారు. నేను సహకార సొసైటీలో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. పాలకొల్లు దగ్గర మా ఊరి రామాలయం తాలూకు సేవా సంఘానికి కోశాధికారిని. అందుకని నా సలహాలన్నిటికీ కాస్త చిట్టా వాసన ఉంటుంది, సర్దుకోండి.

ముందుగా ఇంకో పుస్తకం కొనండి. హుండీ, కల్యాణం చందా, ధ్వజస్తంభం చందా గుడి పుస్తకంలోకి పోవాలి. అన్నదానం, వైద్య సాయం, వరద సాయం సేవ పుస్తకంలోకి రావాలి. బ్యాంకు ఖాతాలు కూడా రెండు. "అంతా రాముడి సొమ్మే కదండీ" అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకుండా ఖాతా తెరిచేయండి. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే హుండీకి 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది, అందులోంచి రూపాయి తీసి సేవకు ఖర్చుపెట్టే హక్కు మీ సంఘానికి లేదు. పన్ను చట్టం సంగతి అంతకంటే ముఖ్యం. ఫలానా మతం వాళ్లకో, ఫలానా కులం వాళ్లకో మాత్రమే అని రాసుకున్న సంఘానికి 80జి, అంటే దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు, రాదు. వచ్చాక కూడా మతపరమైన పనులకు ఆ ఏడాది ఆదాయంలో 5 శాతం మించి ఖర్చు చేయకూడదు. ఒక్క కల్యాణం పందిరి ఖర్చుతో ఆ 5 శాతం దాటిపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది, అది చట్టంలో కనపడదు. మా ఊళ్లో చర్చికి వెళ్లే లారీ ఓనరు గారొకరు రామాలయం గోపురానికి ఇవ్వరు, మేమూ అడగం. చనిపోయినవాళ్లను ఉంచే ఫ్రీజర్ బాక్స్ కొంటున్నామంటే మాత్రం తనే పిలిచి ఇచ్చారు. చావుకు అందరూ కావలసినవాళ్లే కదా. పుస్తకం ఒకటే అయితే ఆయన చేతిలోంచి డబ్బు వచ్చేదా?

రిజిస్ట్రేషన్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. ట్రస్టు డీడ్ రాసుకోమని కొందరు చెబుతారు. డబ్బు ఒకే కుటుంబానిదైతే అదే మేలు. ఊరందరి చందాతో నడిచేదైతే ఎన్నికలుండే సొసైటీయే నయమని నా లెక్క. పేరులో రాముణ్ణి పెట్టుకోండి, ఏసుక్రీస్తును పెట్టుకోండి, ఫర్వాలేదు. బైలాల్లో ఉద్దేశాల దగ్గర మాత్రం "కుల, మత భేదం లేకుండా" అని స్పష్టంగా రాయండి. స్థలం ఇస్తాను, సంఘం పేరులో మన కులం ఉండాలి అనే ఆసామి తప్పకుండా ఎదురవుతాడు. దణ్ణం పెట్టి వచ్చేయండి.

తర్వాత పాన్ కార్డు, సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఎ, ఇందాక చెప్పిన 80జి. వీటికి భీమవరంలోనో కాకినాడలోనో ధర్మ సంస్థల లెక్కలు చూసిన ఆడిటరు దగ్గరికే వెళ్లండి. షాపుల లెక్కలు చూసేవాళ్లకు ఈ ఫారాలు అలవాటుండదు. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. మన నోట్లో ఇంకా 80జి అనే నలుగుతోంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలు చెక్కు ద్వారానో ఫోన్‌పే ద్వారానో ఖాతాలో పడేలా చూడండి.

రసీదు అనగానే మా వైపు జనం నొచ్చుకుంటారు. "ఆయ్, రసీదెందుకండీ, మీ మీద నమ్మకం లేకేంటండీ?" అంటారు. అయినా రాసి ఇవ్వండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆవిడకు రసీదు పుస్తకం అవసరం రాలేదు, పెట్టింది సొంత ఆస్తి. మనం పెట్టేది ఊరి సొమ్ము.

చందా ఎప్పుడు అడగాలన్నది ఈ నేల మీద బతికేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు గానీ, కొత్త కుర్రాళ్లు జూన్‌లో అడుగుతున్నారు. అప్పుడు రైతు చేతిలో నారుమడి ఖర్చు తప్ప ఏముంటుంది? సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డాక సంక్రాంతికి ముందు ఒకసారి, దాళ్వా (రబీ) కోతలయ్యాక ఒకసారి వెళ్లండి. ఇంకా మేలు, ధాన్యం కళ్లంలో ఉండగానే వెళ్లి డబ్బు వద్దు, బస్తా ధాన్యం ఇవ్వమనండి. నోటు తీయడానికి ఆలోచించే రైతు కళ్లంలో బస్తా పక్కన పెట్టడానికి ఆలోచించడు. కొబ్బరి తోటలున్నవాళ్లను "ఒక చెట్టు దింపు మా సంఘానికి" అని, అంటే ఒక చెట్టు నుంచి దింపిన కాయలు, అడగండి. ఏడాదిలో దింపు చాలాసార్లు వస్తుంది, కాబట్టి చిన్నదే అయినా ఆగని ఆదాయం. రొయ్యల చెరువుల వాళ్లది ఇంకో లెక్క. పట్టుబడి బాగుంటే ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు, వైరస్ తగిలితే రెండేళ్లు కనపడరు. ఆ డబ్బును నెలవారీ ఖర్చుకు నమ్ముకోవద్దు. సామాను కొనడానికి వాడండి.

విదేశీ డబ్బు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కువైట్‌లో, మస్కట్‌లో పనిచేసే మన ఆడపడుచులు భారత పౌరులు. తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి గారబ్బాయి పంపితే వస్తుంది, ఆయన ఈ ఊళ్లోనే పుట్టినా సరే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ కావాలి. సంఘానికి మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో సేవకు 15 లక్షలైనా ఖర్చుపెట్టి ఉండాలి. ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. "మా నాన్న ఖాతాలో వేస్తాను, ఆయన మీకిస్తారు" అనే దొడ్డిదారి ఒప్పుకోకండి. అర్హత వచ్చేదాకా ఆగండి.

ఇక ఏ సేవతో పెరగాలి? కాస్త డబ్బు చేరగానే అందరికీ అంబులెన్స్ మీదికి మనసు పోతుంది. పక్కన తాతగారి పేరు రాయించుకోడానికి దాతలు కూడా దొరుకుతారు. డ్రైవరు జీతానికి, ఇన్సూరెన్సుకు, టైర్లకు దాత దొరకడు. పైగా 108 ఉంది. ఫ్రీజర్ బాక్స్‌తో మొదలుపెట్టండి. కరెంటు పోతే నడవడానికి చిన్న జనరేటరు, మోసుకెళ్లడానికి ట్రాలీ ఆటో, రాత్రి ఫోనెత్తే మనిషి ఉంటే చాలు. అద్దె అడక్కండి, కర్మకాండలయ్యాక వాళ్లే వచ్చి ఇస్తారు. తర్వాత మడత మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కొని వాడుకోడానికివ్వండి. వీటికి డిపాజిట్ తప్పనిసరి. లేకపోతే వస్తువు రోగి ఇంట్లోంచి వియ్యంకుడి ఇంటికి పోతుంది, అక్కణ్ణించి ఎక్కడికో దేవుడికే తెలియాలి.

వరద మాత్రం చెప్పి వస్తుంది. భద్రాచలంలో గోదారి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే బియ్యం, నూనె, చింతపండు ఎంతున్నాయో చూసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. రెండోది వచ్చేసరికి ఇంజన్ పడవ మాట్లాడి ఉండాలి, ఎక్కడికి వెళ్లాలో గ్రామ సచివాలయం వాళ్లను అడిగి ఉండాలి. అడక్కుండా బయల్దేరితే పడవలన్నీ గట్టుకు దగ్గరున్న లంకకే పోతాయి, దూరంగా ఉన్నవాళ్లు నోరెండి కూర్చుంటారు. మొదటి పూట పులిహోరే నయం, చింతపండు పులుపుకు సాయంత్రం దాకా నిలుస్తుంది. పప్పన్నం పడవలోనే పులిసిపోతుంది. రెండో రోజు నుంచి పులిహోర వద్దు. మంచినీళ్లు, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, ఆడవాళ్లకు ప్యాడ్లు పట్టుకెళ్లండి. ఎండుగడ్డి మోపులు మరవకండి. లంకల్లో చాలామంది ఇల్లు వదలనిది గేదెల కోసమే. 2022 జులై వరదలో మనుషులకు పొట్లాలు ఇస్తుంటే "ముందు దానికేదైనా ఉందా బాబూ" అని గేదెను చూపించినవాళ్లే ఎక్కువ.

వంటకు డ్వాక్రా మహిళలకు కూలి ఇచ్చి చేయించండి. ఉచితంగా చేయమంటే మొదటి రోజు అందరూ వస్తారు, మూడో రోజు కోశాధికారి భార్య మిగులుతుంది. మా ఆవిడ ఈ వాక్యం తప్పకుండా రాయమంది.

చెక్కు మీద రెండు సంతకాలుండాలి, ఆ ఇద్దరూ చుట్టాలు కాకూడదు. నెలాఖరున సేవ పుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. బోర్డు గుడి లోపల కాకుండా వీధి వైపు గోడకుంటే గుళ్లోకి రానివాళ్లు కూడా చదువుతారు. వరద కోసమని వచ్చిన డబ్బు మిగిలితే దాన్ని కూడా విడిగా ఒక వరుసలో చూపించండి, వచ్చే జులై దాకా ముట్టుకోకండి.