వానలు పడకముందే ఎలుకల బోను బయటికి తీయండి

నాలుగు వానలు గట్టిగా కురిస్తే బొరియల్లోకి నీళ్లు చేరతాయి. అక్కడి ఎలుకలు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చేస్తాయి. అందుకే ఈ పనులు మే నెలాఖరుకల్లా అయిపోవాలి.

ముందు కన్నాలు చూడండి. పెన్సిలు పట్టేంత సందున్నా చిట్టెలుక దూరుతుంది. మా వంటింట్లో సింకు పైపు గోడలోంచి బయటికెళ్లే చోట వేలెడు ఖాళీ ఉండేది. దాని పక్కనే గోడ అడుగున జిడ్డుగా నల్లటి చార. ఎలుక రోజూ ఒకే దారిలో ఒళ్లు రాసుకుంటూ తిరిగితే పడే మరక అది. బోను అక్కడే, గోడకు ఆనించి పెట్టాలి. కన్నంలో గుడ్డ కుక్కితే కొరికేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి, పైన సిమెంటు మెత్తండి.

కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి పెట్టి వదిలేయండి. తినడం అలవాటయ్యాక కొక్కేనికి ఎర గుచ్చండి. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, పకోడీ, ఏదైనా వాసన గట్టిగా ఉండాలి. గిన్నెలన్నిటికీ మూతలు పెట్టండి, లేకపోతే ఎర జోలికే రాదు.

మందు మాత్రం వద్దండీ, చేతులెత్తి మొక్కుతున్నాను. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఎలుకల మందు పెట్టించిన ఇంట్లో పడుకున్న ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టమాటా ముక్కకు రాసి పెట్టే పేస్టుల్లో కొన్నిటిలో పసుపు భాస్వరం ఉంటుంది. దానికి విరుగుడు లేదు. నోట్లోకి వెళ్లాక ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే కనిపించవచ్చు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆగకండి. వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఎలుక పడ్డాక బోను మీద గోనెసంచి కప్పి, గ్లౌజులు వేసుకునే ఎత్తండి. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. పెంటికలను చీపురుతో ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి తుడిచేయండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి ఎలుక జ్వరం వస్తుంది, కాళ్లకు పుండ్లుంటే వాననీళ్లలో దిగకండి. జ్వరంతో పాటు పిక్కలు లాగేస్తూ, కళ్లు ఎర్రబడితే, ఇంట్లో ఎలుకలున్నాయన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.