కొల్లేటి చేపల చెరువులు ఎంత పెరిగాయో ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం ఎలా?

రెండు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి "చూశారా, కొల్లేరు ఎలా మాయమైందో" అని పోస్టు పెట్టేవాళ్లు నాకు నెలకొకరైనా తగులుతారు. తేదీలు చూస్తే ఒకటి అక్టోబరుది, ఇంకోటి మే నెలది. వానలకి కొల్లేరు నిండుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఈ ముక్క చెప్పడానికి ఉపగ్రహం ఎందుకు, కొల్లేట్లో గేదెలు మేపుకునే ఎవర్నడిగినా చెబుతారు. నేల వాడకం నిజంగా మారిందా, లేక కాలం మారిందా అన్నది విడదీయడమే అసలు పని. అదెలాగో కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువుల మీదే చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువసార్లు తప్పు చేసింది అక్కడే.

కావలసినవి

ఓ మాదిరి కంప్యూటర్, నెట్, గూగుల్ అకౌంటు. ఉపగ్రహ చిత్రాల్ని నెట్‌లోనే లెక్కగట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్ వ్యాపారం కాని పనులకు ఉచితమే. మ్యాపు గీసుకోవడానికి క్యూజీఐఎస్, అదీ ఉచితమే. గూగుల్ ఎర్త్ స్క్రీన్‌షాట్ల మీద గీతలు గీసి ఎకరాలు లెక్కేసేవాళ్లు దయచేసి ఇక్కడితో ఆపేయండి.

ఒకటి: ఏ ఉపగ్రహం

పాతకాలానికి ల్యాండ్‌శాట్ (అమెరికా వాళ్ల ఉపగ్రహాల వరుస) తప్ప వేరే దారి లేదు. ల్యాండ్‌శాట్ 5ని 1984లో పంపారు, ల్యాండ్‌శాట్ 8ని 2013లో. ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 22 సెంట్లు. కొల్లేటి చెరువులు ఎకరాల్లో ఉంటాయి కాబట్టి ఇది చాలు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 పిక్సెల్ 10 మీటర్లే, బొమ్మ ముద్దొస్తుంది, కానీ 2015కి ముందు లేదు. దాన్నీ ల్యాండ్‌శాట్‌నీ కలిపి పోల్చొద్దు. చెరువు గట్టు ఒకదాంట్లో కనబడి రెండోదాంట్లో కనబడకపోతే, మారింది నేల కాదు, మీ కళ్లజోడు.

2012 జోలికి పోవద్దు. ల్యాండ్‌శాట్ 5 అప్పటికి పడుకుంది, 8 ఇంకా ఎగరలేదు, మిగిలిన ల్యాండ్‌శాట్ 7లో 2003 మే నుంచీ చారలే.

రెండు: హద్దు

ఏలూరు, కైకలూరు, ఆకివీడు మధ్య ప్రాంతం మొత్తం వచ్చేలా ఒక పాలిగాన్, అంటే హద్దుగీత, గీసుకోండి. అన్ని సంవత్సరాలకీ అదే వాడాలి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని మీటర్ల లెక్కన చదునుగా పరిచే పద్ధతి) యూటీఎం 44 నార్త్. డిగ్రీల్లో వదిలేసి విస్తీర్ణం లెక్కేస్తే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు.

మూడు: తేదీ. ఇక్కడ తొందరపడకండి

నూటికి తొంభై మంది ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మొదట్లో ఒక ఆఫీసుకి చేసిచ్చిన రిపోర్టులో పాత ఏడాదికి జనవరి చిత్రం, కొత్త ఏడాదికి మార్చి చిత్రం వాడాను, మబ్బుల్లేవు కదా అని. వేల ఎకరాల చెరువులు వరిపొలాలుగా మారిపోయాయని ఫలితం వచ్చింది. నేను ఎగిరి గంతేసి గ్రాఫు కూడా గీశాను. ఆ జిల్లాలో పుట్టిన ఒక పెద్దాయన అది చూసి, "జనవరంటే దాళ్వా నాట్లు గదండీ, చేలన్నీ నీళ్లే గదా" అన్నారు. అంతే, మూడు నెలల పని పోయింది.

డెల్టాలో ఏడాదికి రెండుసార్లు వరిచేను చెరువులా కనిపిస్తుంది, సార్వా (వానాకాలం పంట) నాట్లప్పుడు ఒకసారి, దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు ఒకసారి. నాటిన కొత్తలో మొక్క సన్నం, చుట్టూ నీళ్లు, పైనుంచి ఉపగ్రహానికి కనబడేది ఆ నీళ్లే. దీనికి తోడు చెరువులూ మోసం చేస్తాయి. మండవల్లి వైపు ఒకసారి ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. మ్యాపు బీడు అంటోంది. ఎదురుగా చూస్తే నిజంగానే నీటిచుక్క లేదు, అడుగంతా నెర్రెలిచ్చి ఉంది. కాపలా మనిషి నవ్వాడు. "చెరువేనండీ, చేపల పట్టుబడి అయిపోయింది, ఎండగట్టాం. ఇంకో నెలాగి రండి, నిండుగా ఉంటది." అటు కొల్లేట్లో నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుంటే అది పచ్చని పంటలా కనబడుతుంది. అంటే పొలం నీరులా, చెరువు బీడులా, నీరు పంటలా కనబడే చోట మీరు ఒక్క చిత్రం పట్టుకుని తీర్పు చెప్పబోతున్నారన్నమాట.

నా పద్ధతి ఇది, దీన్ని మార్చకండి: ప్రతి ఏడాదికీ రెండు చిత్రాలు. ఒకటి మార్చిది, దాళ్వా బాగా ఎదిగి నీళ్లు కనబడనంత పచ్చగా ఉన్నప్పుడు. రెండోది మే మొదటి సగానిది, కోతలైపోయి, కాలువలు కట్టేసి, చేలు ఎండిపోయి ఉన్నప్పుడు. ఈ రెండు సమయాల్లోనూ వరిచేలో నీళ్లు కనబడవు. కాబట్టి రెండింటిలో ఏ ఒక్కదాంట్లో నీళ్లు కనబడినా అది చేల లెక్కలోకి రాదు. మార్చిలో ఎండగట్టిన చెరువు మేలో దొరుకుతుంది, మేలో ఎండగట్టింది మార్చిలో దొరుకుతుంది. వానల సంగతి కూడా చూసుకోండి. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ ఏడాది దాని తర్వాతి చిత్రం తీసుకుంటే చేలన్నీ చెరువులే. మీకు కావలసిన ఏడాదిలో మంచి చిత్రం దొరక్కపోతే పక్క ఏడాదికి వెళ్లండి గానీ పక్క నెలకి వెళ్లకండి.

ఏడాది పొడుగునా వచ్చిన చిత్రాలన్నీ కలిపి మీడియన్ (ఒక్కో పిక్సెల్‌కి మధ్య విలువ) తీస్తే మబ్బులు పోతాయి కదా అని కుర్రాళ్లు వాదిస్తారు. మబ్బులు పోతాయి, వాటితోపాటు నాట్లు, కోతలు, కాలువ కట్టేయడం అన్నీ పోతాయి. మిగిలేది ఏ నెలకీ చెందని ఒక బొమ్మ. అడవులకి వాడుకోండి, డెల్టాకి వద్దు.

నాలుగు: నీళ్లు గుర్తించడం

ఎంఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచిక వాడండి. ఆకుపచ్చ బ్యాండు (ఉపగ్రహం ఒక్కో రకం వెలుతురునీ విడిగా కొలిచేదే బ్యాండు) విలువ నుంచి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ విలువ తీసేసి, ఆ రెండింటి కూడికతో భాగించాలి. సున్నా దాటితే నీరు అనుకుని మొదలుపెట్టండి. షార్ట్‌వేవ్ బదులు నియర్ ఇన్‌ఫ్రారెడ్ వాడే మామూలు ఎన్‌డీడబ్ల్యూఐ ఎందుకు వద్దంటే, చేపల చెరువు నీళ్లు నాచుతో పచ్చగా ఉంటాయి, ఆ పచ్చదనానికి నియర్ ఇన్‌ఫ్రారెడ్ పెరిగి లెక్క తప్పుతుంది. షార్ట్‌వేవ్‌ని మాత్రం పచ్చనీళ్లయినా తెల్లనీళ్లయినా మింగేస్తాయి.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. ల్యాండ్‌శాట్ 5లో ఈ బ్యాండ్లు 2, 5. ల్యాండ్‌శాట్ 8లో 3, 6. పాత కోడ్ కాపీ కొట్టి నంబర్లు మార్చడం మర్చిపోతే ఎర్రర్ రాదు, మ్యాపు చక్కగా వస్తుంది, తప్పు మ్యాపు. రెండోది, ల్యాండ్‌శాట్ కలెక్షన్ 2 సర్ఫేస్ రిఫ్లెక్టెన్స్ (నేల నుంచి తిరిగొచ్చిన వెలుతురు) విలువల్ని ముందు 0.0000275తో గుణించి 0.2 తీసేయాలి. నిష్పత్తే కదా, గుణకం కొట్టుకుపోతుంది కదా అంటారు. గుణకం పోతుంది, తీసేసిన 0.2 పోదు.

తర్వాత కొల్లేటి సొంత నీళ్లు, ఉప్పుటేరు, పెద్ద కాలువలు చేత్తో గీసి పక్కన పెట్టండి. దీనికి షార్ట్‌కట్ లేదు, ఓ పూట పడుతుంది. రెడీమేడ్ ల్యాండ్ కవర్ మ్యాపులు ఎందుకు వాడనంటే ఇందుకే: వాటికి సరస్సూ, రిజర్వాయరూ, చేపల చెరువూ అన్నీ "నీరే".

ఐదు: సరిచూడటం

పాత ఏడాది మ్యాపూ, కొత్త ఏడాది మ్యాపూ రెండూ 85 శాతం సరిగ్గా ఉన్నాయని సంతోషపడకండి. తప్పులు వేటికవే విడివిడిగా వచ్చాయనుకుంటే, రెండింట్లోనూ సరిగ్గా ఉన్న పిక్సెళ్లు 0.85 ఇంటూ 0.85, సుమారు 72 శాతమే. అందుకే మారిందన్న చోట్లలోంచి యాభై, మారలేదన్న చోట్లలోంచి ఇంకో యాభై యాదృచ్ఛికంగా తీసి, ఒక్కొక్కటీ కళ్లతో చూడండి. చెరువంటే నలుచదరంగా, గట్లతో ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం పరిధిలో, +5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపల, చెరువుల గట్లు తెంచేశారు. దానికి ముందు ఏడాది, తర్వాత ఏడాది మీ పద్ధతితో చేసి చూడండి. కాంటూరు లోపల చెరువులు తగ్గినట్టు రాకపోతే మళ్లీ మూడో అంచెకి వెళ్లండి, తేదీలు తప్పాయి.

చివరికి పిక్సెళ్ల సంఖ్యని 900తో గుణించి 4,047తో భాగించి ఎకరాల్లో రాయండి. హెక్టార్లలో రాస్తే కైకలూరులో ఎవరూ చదవరు.