సర్వీసు రిజిస్టరు పక్కన ఇంటి లెక్క: ఉద్యోగం చేసిన మామ్మ మీద జ్ఞాపక పుస్తకం

సంవత్సరీకం నాడు పంచే జ్ఞాపక పుస్తకాల్లో చాలావాటికి ఒకటే జబ్బు. ప్రేమమూర్తి, నిరాడంబరురాలు, అజాతశత్రువు... పేరు మార్చి పక్కింటివాళ్లు వాడుకున్నా తేడా తెలియదు. ముప్పై ఏళ్లు సర్కారు కొలువు చేసిన మామ్మకి ఈ విశేషణాల అవసరం లేదు. ఆవిడ బతుకులో సగం తేదీలతో సహా కాగితం మీదే ఉంది.

ముందు కాగితాలు. పెన్షన్ ఆపించడానికి ట్రెజరీకి వెళ్తే పీపీవో (పెన్షన్ మంజూరు పుస్తకం) అక్కడ ఇచ్చేయాల్సి రావచ్చు, కాబట్టి ప్రతి పేజీ ముందే స్కాన్ చేసి ఉంచండి. ఆ తర్వాత బీరువాలో డూప్లికేట్ ఎస్.ఆర్. (సర్వీసు రిజిస్టరు నకలు) కోసం వెతకండి. మొదటి పేజీలో ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. పద్దెనిమిదో పందొమ్మిదో ఏట ఎవరో గుమాస్తా ఆవిడ్ని ఎగాదిగా చూసి 'ఎడమ చెంప మీద మచ్చ' అని రాసి ఉంటాడు. ఆ పేజీని పుస్తకంలో అలాగే అచ్చు వేయండి. పీపీవో నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా మాత్రం కనబడకుండా కప్పేయాలి.

అసలు సరుకు సెలవుల ఖాతాలో ఉంది. నాలుగు గడుల పట్టిక గీయండి: తేదీ, ఊరు-హోదా, సెలవు, ఇంట్లో ఏం జరిగింది. మొదటి మూడూ ఎస్.ఆర్. చూసి నింపేయొచ్చు. ప్రసూతి సెలవు ఎదురుగా మీ నాన్న పుట్టినరోజు వచ్చి కూర్చుంటుంది. నెలన్నర సగం జీతం సెలవు కనిపిస్తే ఆ ఏడాది ఇంట్లో ఎవరికి ఒంట్లో బాలేదో అడగండి. కొండల మీది పాడేరుకి బదిలీ అయినప్పుడు పిల్లలు ఎవరి దగ్గరున్నారు? ఆవిడ వారానికోసారి ఘాట్ దిగేదా, నెలకోసారా? నాలుగో గడి నిండుతుంటే మామ్మ కనబడటం మొదలవుతుంది.

పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. ఎస్.ఆర్.లో ఉండేది బళ్లో చేర్చినప్పుడు రాయించిన తేదీ. జూలై 1 లాంటి ఉజ్జాయింపు తేదీ ఉంటే మరీ అనుమానించాలి. ఇంట్లో 'సర్వధారి కార్తీకం' అని చెప్పుకుంటే అది 1948 నవంబరు ప్రాంతం. రెండూ వేసి, ఏది ఎక్కడిదో రాయండి.

జిల్లా పేర్లూ అంతే. 1979 జూన్‌కి ముందు శృంగవరపుకోటలో పనిచేస్తే అది విశాఖ జిల్లాయే. ఆ తర్వాత విజయనగరం జిల్లా. పాడేరు, అనకాపల్లి విశాఖ జిల్లా నుంచి విడిపోయింది 2022 ఏప్రిల్ 4న. అప్పటి పేరే వాడండి. 1985 ముందు సంగతిలో 'మండలం' అని రాస్తే పాత ఉద్యోగులు నవ్వుతారు. అప్పుడున్నవి తాలూకాలు, పంచాయతీ సమితులు.

పాత సహోద్యోగుల్ని పొద్దున్న పదింటికి కలవండి. ఫ్యాను ఆపి, ఫోన్ బల్లమీద పెట్టి, నలభై నిమిషాలు. అంతకు మించితే అలసిపోయి 'చాలా మంచావిడ' దగ్గర ఆగిపోతారు. 'ఆవిడ ఎలాంటివారు?' అని అడగొద్దు. 'క్యాంపుకి (ఆఫీసు పని మీద ఊళ్లకి) వెళ్తే సంచీలో ఏం పట్టుకెళ్లేవారు? ఏ ఫైలు మీద సంతకం పెట్టనన్నారు?' అనడగండి. 'ఏటిరా గుంటా' అన్న మాటని పుస్తకాల భాషలోకి దిద్దకండి. ఛార్జి మెమో (తప్పు చేశారంటూ ఆఫీసు ఇచ్చిన నోటీసు) లాంటివి బయటపడితే వేయాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకోండి. మానేయొచ్చు గానీ అబద్ధం రాయకూడదు.

ఫోటోల విషయంలో విశాఖ గాలిలోని తేమే శత్రువు. ఫ్రేములో ఫోటో అద్దానికి అతుక్కుపోతే లాగొద్దు, బొమ్మ ఊడి అద్దానికే మిగిలిపోతుంది. అద్దం మీంచే స్కాన్ చేయించండి. జిగురు ఆల్బమ్‌లో అంటుకున్నదాన్ని కింద సన్నటి దారం పోనిచ్చి మెల్లగా రంపంలా లాగి విడదీయాలి. స్కాన్ చేసేటప్పుడు పాస్‌పోర్టు సైజువి 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే అంకె), పెద్దవి 300లో చాలు. ఫోటోలు వాట్సాప్‌లో పంపేవాళ్లని 'డాక్యుమెంట్'గా పంపమనండి, లేకపోతే కుదించుకుపోయి అచ్చులో ముఖాలు అలుక్కుపోతాయి. వీడ్కోలు గ్రూప్ ఫోటోలో పేర్లు ఎడమ నుంచి కుడికి, వరుసలవారీగా, గుర్తుపట్టేవాళ్లు ఉండగానే రాయించుకోండి.

అచ్చు: డెమ్మీ 1/8 (మామూలు పుస్తకం) సైజు, 24 పేజీలు. సెంటర్ పిన్నింగ్‌కి (మడత మధ్యలో పిన్నులు కొట్టడానికి) పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. లోపల 80 జీఎస్ఎం (కాగితం మందం) మ్యాప్‌లిథో కాగితం, ఫోటోలకి నున్నటి ఆర్ట్ పేపర్. ప్రెస్‌కి పదిహేను రోజుల ముందు ఇవ్వండి. మీరు ఫోన్‌లో కొట్టిన యూనికోడ్ తెలుగుని వాళ్లు 'అను' అనే పాత ప్రెస్ ఫాంట్లలోకి మారుస్తారు, అక్కడే ఒత్తులు జారిపోతాయి. క్ష, జ్ఞ, ర ఒత్తు ఉన్న మాటలు, ఇంటిపేర్లు కాగితం మీద ప్రూఫు తీయించి, వేరొకరి చేత పైకి చదివించి సరిచూడండి.

చివర రెండు ఖాళీ పేజీలు వదలండి. సంవత్సరీకానికి వచ్చిన పెద్దావిడ 'తేదీ తప్పు బాబూ, మేమిద్దరం జాయినయింది ఎండాకాలంలో' అంటే, అక్కడే పెన్నిచ్చి రాయించుకోవచ్చు.